ముందు మాంసం, ఆ తర్వాతే గుడ్డు

ప్రశ్న: అక్కా, నేను డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాను. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఎనిమిదింటికి క్లాసు. పొద్దున్నే స్టవ్ మీద పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది, తెల్లారేదాకా అసైన్‌మెంట్లు చేసి పడుకున్నవాళ్ళు లేచి తిడతారు. అందుకని మైక్రోవేవ్‌లో గుడ్డు పెట్టుకుని, స్టోర్‌లో దొరికే లంచ్ మీట్ (ముందే ఉడికించి పల్చగా కోసి అమ్మే మాంసం) ముక్కలు అందులో వేసుకుని తింటున్నాను. ఒకరోజు గుడ్డు పేలిపోయింది. మిగతా రోజుల్లో రబ్బరులా సాగుతోంది, కప్పు అడుగున నీళ్ళు చేరుతున్నాయి. లంచ్ మీట్ వేడి చెయ్యకుండా తినొచ్చా? తెరిచిన ప్యాకెట్ ఎన్నాళ్ళు ఉంచొచ్చు? హామ్ అంటే పంది మాంసమని కొన్నాక గానీ తెలియలేదు. ఇంకెందులో ఏముంటుందో చెప్పండి. శనివారాలు మా అక్కావాళ్ళింటికి వెళ్తాను. అక్కకి ఇప్పుడు ఐదో నెల. పొద్దున్నే వంటింట్లో నిలబడలేకపోతోంది. తనకీ ఇదే చేసిపెట్టనా?

జవాబు: తమ్ముడూ, నువ్వు చివర్న అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. మిగతావన్నీ రుచికి సంబంధించినవి, అది మాత్రం కాదు. ప్యాకెట్‌లోంచి తీసిన లంచ్ మీట్ అక్కకి చల్లగా పెట్టకు. గోరువెచ్చగా చేసి పెట్టినా సరిపోదు.

లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఒకటుంది. ఫ్రిజ్‌లో పెట్టేశాం కదా, ఇంకేం భయం అనుకుంటాం గానీ ఇది ఆ చలిలోనూ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. లంచ్ మీట్ ఫ్యాక్టరీలో ఉడికే వస్తుంది. కానీ ఉడికిన తర్వాత స్లైసులు కోసేటప్పుడో, ప్యాక్ చేసేటప్పుడో ఇది అంటుకోవచ్చు. నీ వయసువాళ్ళకి చాలావరకు ఏమీ కాదు, మహా అయితే కడుపు పాడవుతుంది. గర్భిణికి కూడా పైకి కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులు తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. లోపల బిడ్డ విషయం వేరు. గర్భం పోవడం, నెలలు నిండకుండా కాన్పు రావడం దాకా వెళ్ళొచ్చు. 2024లో వర్జీనియాలోని ఒక ఫ్యాక్టరీలో తయారైన డెలీ మాంసం, అంటే ఈ లంచ్ మీటే, తిని చాలా రాష్ట్రాల్లో జనం ఆసుపత్రుల పాలయ్యారు, 10 మంది చనిపోయారు. గర్భిణులు, 65 ఏళ్ళు దాటినవాళ్ళు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు లంచ్ మీట్‌ని 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే మన లెక్కలో 74 సెల్సియస్ దాకా, లేదా ఆవిర్లు వచ్చేదాకా వేడి చేశాకే తినాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. అక్క కాన్పుకి సాయంగా అమ్మానాన్నా వస్తే, వాళ్ళు 65 దాటినవాళ్ళైతే, వాళ్ళ ప్లేట్లకీ ఇదే లెక్క.

నన్నడిగితే శనివారం అక్కకి మాంసం జోలికి పోకుండా గుడ్డు ఒక్కటే బాగా ఉడికించి, ఉల్లిపాయ, టమాటా వేసి పెట్టు. పచ్చసొన కారేలా ఉంచకు. తనకి మరీ తినాలనిపిస్తే ముక్కలు పొగలు కక్కేదాకా వేడి చేసి, అప్పుడు పెట్టు. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌ని కూడా ఒకమాట అడగమను. ఇలాంటివి వాళ్ళకి రోజూ వినే ప్రశ్నలే, మొహమాటపడక్కర్లేదు.

నీ సంగతికొస్తే, ఆరోగ్యంగా ఉన్న కుర్రాడివి, కొత్త ప్యాకెట్ నుంచి చల్లగా తిన్నంత మాత్రాన కొంపలేం మునిగిపోవు. అమెరికాలో శాండ్‌విచ్‌లో అలాగే పెట్టుకుని తింటారు. కానీ నువ్వు ఎలాగూ మైక్రోవేవ్ ఆన్ చేస్తున్నావు కదా, ఇంకో ముప్పావు నిమిషం కేటాయిస్తే వేడిగానే తినొచ్చు. రుచికీ అదే మంచిది.

ఇప్పుడు పేలుడు సంగతి. గుడ్డుని నమ్మి మోసపోయినవాళ్ళలో నువ్వేం మొదటివాడివి కాదు. మైక్రోవేవ్ వంటని కనిపెట్టిన పెర్సీ స్పెన్సర్ 1945లో రేథియాన్ కంపెనీలో రాడార్ గొట్టాలతో పనిచేస్తూ మొదట పాప్‌కార్న్ పేలాలు చేశాడట, తర్వాత గుడ్డు పెట్టారట, అది పక్కనున్న ఇంజినీర్ మొహం మీద పేలిందట. ఈ కథ అందరూ చెప్పుకునేదే. కారణం మాత్రం సూటిగా ఉంటుంది. మైక్రోవేవ్‌లో గుడ్డు లోపలి నీరు చాలా తొందరగా వేడెక్కి ఆవిరవుతుంది. ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు. పెంకు తీసేసినా పచ్చసొన చుట్టూ పల్చని పొర ఒకటి ఉంటుంది, ఆవిరిని పట్టి ఉంచడానికి అదే చాలు. కాబట్టి పెంకుతో ఎప్పుడూ పెట్టకు. పగలగొట్టి వేసినా, సొన గిలక్కొట్టని రోజున ఫోర్కు మొనతో రెండు మూడు చోట్ల గుచ్చు.

ఇంకోటి కూడా చెప్పాలి, మనవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. రాత్రి మిగిలిన గుడ్డు కూర ఉంటుంది చూడు, అందులో ఉడికించిన గుడ్లు అలాగే వేసి ఉంటాయి. ఆ డబ్బాని యథాతథంగా మైక్రోవేవ్‌లో పెట్టకు. లోపల పేలకపోయినా బయటికి తీసి కొరికేసరికి నోట్లో పేలొచ్చు. వంటలో గాట్లు పెట్టాం కదా అని ధైర్యం చెయ్యకు. గుడ్డుని రెండుగా కోసి అప్పుడు వేడి చెయ్యి.

రబ్బరు అవడానికీ, కప్పు అడుగున నీళ్ళు చేరడానికీ కారణం ఒకటే. తెల్లసొన 62, 63 సెల్సియస్ దగ్గర గట్టిపడడం మొదలవుతుంది, పచ్చసొన 65, 70 మధ్య. అక్కడితో ఆగితే మెత్తగా ఉంటుంది. అది దాటాక ప్రొటీన్లు ఇంకా ఇంకా బిగుసుకుని, లోపల పట్టుకున్న నీటిని బయటికి పిండేస్తాయి. కప్పు అడుగున నీకు కనిపించే నీళ్ళు అవే. నువ్వు రెండు నిమిషాలు ఒక్కసారే కొట్టేసి, ఫోన్ చూసుకుంటూ నిలబడుతున్నావని నా అనుమానం.

పైగా గుడ్డూ మాంసమూ కలిపి ఒకేసారి పెడుతున్నావు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. వాటిది ఒకే టైమ్ కాదు. మైక్రోవేవ్ వేడి అంతటా ఒకేలా పడదు. ఆ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల చిల్లర, అందుకే లోపల ఒక చోట మండిపోతూ, నాలుగు వేళ్ళ దూరంలో చల్లగా ఉంటుంది. చల్లటి మాంసం ముక్కలు గుడ్డు అడుగున చేరితే, పైన గుడ్డు ఉడికిపోయినా అవి లోపల అరకొరగానే వేడెక్కి ఉంటాయి. మాంసం వేడెక్కాలని ఇంకాసేపు పెడితే గుడ్డు రబ్బరవుతుంది. కాబట్టి మాంసానికి ముందు దాని పని కానిచ్చేసి, ఆ తర్వాత గుడ్డు పొయ్యాలి. ఇది ఒక్కటి మార్చుకుంటే నీ ఉత్తరంలో సగం కష్టం తీరినట్టే.

కప్పు వెడల్పుగా ఉన్నది తీసుకో. పొడుగు కాఫీ మగ్గు కంటే సూప్ తాగే సిరామిక్ గిన్నె బాగా పనికొస్తుంది, గుడ్డు పొంగడానికి చోటుంటుంది. అంచుకి బంగారు గీత ఉన్నది వద్దు, నిప్పురవ్వలు వస్తాయి. ప్లాస్టిక్ కూడా వద్దు. పసుపు వేశాక ఆ డబ్బా జన్మలో తెల్లబడదు. రూమ్మేట్‌దైతే ఇంకో గొడవ. తలుపు లోపలో వెనకవైపో మైక్రోవేవ్ వాట్లు రాసి ఉంటాయి, ఒకసారి చూసుకో. నేను చెప్పే టైములు 1000 వాట్లకి. నీది 700 అయితే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పడుతుంది.

గిన్నెలో అర చెంచా నూనె, చిన్న ఉల్లిపాయలో సగం సన్నగా తరిగి, ఒక పచ్చిమిర్చి, రెండు లంచ్ మీట్ స్లైసులు వేలెడు పీలికలుగా కోసి వెయ్యి. అన్నీ ఒకసారి కలిపి, పైన పేపర్ టవల్ కప్పి 45 సెకన్లు పెట్టు. తలుపు తీసేసరికి ఉల్లిపాయ మెత్తబడి అద్దంలా అయి, ముక్కల అంచులు కాస్త ముడుచుకుని, గిన్నె మీద పొగ కనిపించాలి. కనిపించకపోతే కలిపి ఇంకో 15 సెకన్లు. ఉల్లిపాయ పచ్చిగా గుడ్డులో వేస్తే గుడ్డు ఉడికే టైముకి అది ఉడకదు, కరకరమంటూ పచ్చివాసన వస్తుంది. అందుకే దాన్ని కూడా ఈ మొదటి విడతలోనే వేసేస్తాం.

ఈలోగా వేరే గిన్నెలో రెండు గుడ్లు, రెండు పెద్ద చెంచాల పాలు, చిటికెడు పసుపు, ఇష్టమైతే కాస్త మిరియాల పొడి వేసి ఫోర్కుతో గిలక్కొట్టు. తెల్లసొన తీగలు కనపడకూడదు, రంగు అంతా ఒకటవ్వాలి. ఉప్పు వెయ్యకు. మళ్ళీ చెప్తున్నా, ఉప్పు వెయ్యకు. లంచ్ మీట్‌లో ఉన్నదే చాలు, కావాలంటే తినేటప్పుడు చల్లుకోవచ్చు.

వేడిగా ఉన్న ముక్కల మీద గుడ్డు పోసి 45 సెకన్లు పెట్టు. ఇప్పుడు తీసి చూస్తే చుట్టూ అంచు గట్టిపడి, నడుమ ఇంకా జారుగా ఉంటుంది. ఫోర్కుతో అంచుని గీకి నడుమకి తెచ్చి, నడుమదాన్ని అంచుకి తొయ్యి. ఈ కలపడమే అసలు వంట, మిగతాదంతా మిషను చూసుకుంటుంది. తర్వాత ఇంకో 30 సెకన్లు. గిన్నెని పళ్ళెం మధ్యలో కాకుండా కాస్త పక్కకి పెడితే తిరుగుతూ అన్నివైపులా వేడి తగులుతుంది. జారుడు ఇంకా మిగిలి ఉంటే పదేసి సెకన్లు పెంచుకుంటూ పో. పైన తడి మెరుస్తూ ఉండగానే, అంటే కదిపితే గుడ్డు కారదు గానీ ఇంకా ఎండలేదు అన్న దశలో, బయటికి తీసేసి ఒక ప్లేటు మూతపెట్టి ఒక నిమిషం వదిలెయ్యి. లోపలి వేడికి మిగతాది అదే ఉడికిపోతుంది. అక్కకి చేసేటప్పుడు మాత్రం ఈ తడి కూడా ఉంచకు, గట్టిగా అయ్యేదాకా పెట్టు. కాస్త రబ్బరైనా పర్వాలేదు. గుడ్డు వంటకాలకి 160 ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాటాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. పది పదిహేను డాలర్లకి దొరికే ఫుడ్ థర్మామీటర్ ఒకటి అక్కావాళ్ళింట్లో ఉంటే ఈ వాదనలేవీ ఉండవు.

బ్రెడ్డు టోస్ట్ చేసుకుని మధ్యలో పెట్టుకో, లేకపోతే ఫ్రిజ్‌లోని చపాతీలో చుట్టుకో, బస్సులో తినడానికి అదే వీలు. పైన కరివేపాకు పొడి చల్లుకుంటే ఇది అమెరికా బ్రేక్‌ఫాస్టో మనింటి టిఫినో తెలీదు. ఆవకాయ కూడా బాగుంటుంది గానీ ఉప్పు మీద ఉప్పు అవుతుంది, ఆ రోజుకి మాంసం మానెయ్.

ఇక ఎందులో ఏముందో చూద్దాం. హామ్ పంది మాంసం. ఇది నీకు తెలిసిపోయింది. రోస్ట్ బీఫ్, పాస్ట్రామీ ఎక్కువగా గొడ్డు మాంసం. సలామీ, పెప్పరోనీల్లో సాధారణంగా పందీ గొడ్డూ కలిసి ఉంటాయి. బలోనీ మరీ గజిబిజి. పంది, గొడ్డు, కోడి మూడూ ఉన్నవీ దొరుకుతాయి, ఒక్క గొడ్డు మాంసంతో చేసినవీ దొరుకుతాయి. పేరు చూసి నిర్ణయించుకోకు, ప్యాకెట్ వెనక్కి తిప్పి ఇంగ్రీడియెంట్స్‌లో మొదటి వరస చదువు. టర్కీ హామ్ అని ఒకటుంది, పేరు చూసి భయపడతారు గానీ అది టర్కీ కోడి తొడ మాంసమే. నీకు సులువు టర్కీ బ్రెస్ట్ లేదా చికెన్ బ్రెస్ట్ స్లైసులు. స్టోర్‌లో మాంసం కోసిచ్చే డెలీ కౌంటర్ దగ్గర నిలబడి కోయించుకుంటే మాత్రం ఒకే కత్తి మిషను మీద అన్నీ కోస్తారు. పందో గొడ్డో అంటకూడదన్న పట్టింపు ఉంటే సీలు వేసిన ప్యాకెట్ తీసుకో. హలాల్ కావాల్సిన రూమ్మేట్ ఉంటే అతనికీ ప్యాకెట్టే మేలు, ముద్ర దాని మీదే ఉంటుంది.

డబ్బాలో వచ్చే స్పామ్ సంగతి నువ్వు అడగలేదు గానీ, స్టోర్‌లో పక్కనే ఉంటుంది కాబట్టి చెప్తున్నా. మిన్నెసోటాలోని ఆస్టిన్ అనే ఊళ్ళో హార్మెల్ కంపెనీ 1937లో మొదలుపెట్టింది. మామూలు డబ్బాలో ఉండేది పంది మాంసం. సీలు వేసిన డబ్బాలోనే ఉడుకుతుంది కాబట్టి తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు. హవాయిలో గుడ్డుతో, అన్నంతో పొద్దున్నే తినేది ఇదే. ఉప్పు మాత్రం దిమ్మతిరిగేంత. 56 గ్రాముల ముక్కలో 790 మిల్లీగ్రాముల సోడియం, రోజంతటికీ 2300 దాటొద్దంటే. కొంటే, డబ్బాతో మైక్రోవేవ్‌లో పెట్టకు, ముక్క బయటికి తీసి పెట్టు.

తెరిచిన లంచ్ మీట్ ప్యాకెట్ మూడు నుంచి ఐదు రోజులు, అంతే. ప్యాకెట్ మీద వేసిన తేదీ తెరవనంతవరకే. నలుగురున్న ఫ్రిజ్‌లో ఎవరు ఎప్పుడు తెరిచారో ఎవరికీ గుర్తుండదు, తెరిచిన రోజే మార్కర్‌తో తేదీ రాసెయ్యి. తలుపు అరల్లో పెట్టకు, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడెక్కుతుంది. లోపల కింది అరలో వెనక్కి పెట్టు. ఫ్రిజ్ 40 ఫారెన్‌హీట్‌కి మించకూడదు. జిగురుగా, పుల్లని వాసనతో ఉంటే సరే, పారేస్తావు. కానీ లిస్టీరియా ఉన్న ముక్కకి వాసనా రంగూ ఏవీ మారవు, అందుకని ముక్కుని నమ్మి ఆరో రోజు తినకు. ఐదు రోజుల్లో అవ్వదనిపిస్తే తెరిచిన రోజే రెండేసి స్లైసులు విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో వెయ్యి. ఒకటి రెండు నెలలు బాగానే ఉంటాయి. ముందురోజు రాత్రి ఒక చుట్ట ఫ్రిజ్‌లోకి దించుకుంటే పొద్దునకి కరిగి ఉంటుంది. గుడ్లు కూడా అక్కడ ఫ్రిజ్‌లోనే ఉండాలి. మన ఊళ్ళో కిరాణా కొట్లో బయటే ఉంటాయి కదా అనకు. అమెరికాలో గుడ్లు కడిగి అమ్ముతారు, పెంకు మీద సహజంగా ఉండే రక్షణ పూత పోతుంది.

రోజూ తినొచ్చా అని నువ్వు అడగలేదు, కానీ "తింటున్నాను" అని రాసిన తీరు చూస్తే రోజూ తింటున్నట్టే ఉంది. తగ్గించు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. టెన్షన్ పడకు. నూటికి పద్దెనిమిది మందికి వస్తుందని కాదు దీనర్థం, ఉన్న కొద్దిపాటి అవకాశమే ఆ మేరకు పెరుగుతుందని. కానీ నువ్వు వేసుకునే రెండు మూడు స్లైసులు 50 గ్రాములకి దగ్గరే. "అన్‌క్యూర్డ్" అని, అంటే మాంసం నిలవకి వేసే నైట్రేటు, నైట్రైటు ఉప్పులు విడిగా కలపలేదని, రాసి ఉన్న ఖరీదైన ప్యాకెట్ కొంటే ఈ బెడద తప్పుతుందనుకోకు. వాటిలో చాలావరకు సెలరీ అనే ఆకుకూర పొడి వేస్తారు, అందులోంచి వచ్చేదీ అదే నైట్రేటు.

నా లెక్కలో వారానికి రెండు రోజులు చాలు. మిగతా రోజుల్లో ఇదే గిన్నెలో, ఇదే పద్ధతిలో, మాంసం స్థానంలో రాత్రి మిగిలిన చికెన్ ఫ్రై ముక్కలు వెయ్యి. కూర పులుసుగా ఉంటే గుడ్డు గట్టిపడదు, ముక్కలు మాత్రమే ఏరి వేసుకో. డబ్బా శనగలు కడిగి రెండు చెంచాలు వేసినా, పాలకూర గుప్పెడు వేసినా బాగుంటుంది. పాలకూర ముందు విడతలోనే వేసి, ఊరిన నీళ్ళు వంచెయ్యి. ప్రొటీన్ తగ్గుతుందేమోనని చూడకు, రెండు గుడ్లలోనే 12 గ్రాములు వస్తాయి.

తినగానే గిన్నెలో చన్నీళ్ళు పోసి సింకులో పెట్టి వెళ్ళు. వేడినీళ్ళు పోస్తే గుడ్డు ఇంకా గట్టిగా అంటుకుంటుంది, సాయంత్రం వచ్చాక గోళ్ళతో గీకాల్సి వస్తుంది.